నాపరాయి మీద రాణెమ్మ

లోకంలో కోడళ్ళు అత్తలకు భయపడతారు. సుబ్బమ్మ మాత్రం కోడలికి భయపడేది. ఆమె ఒక్కతే కాదు, మాచర్ల దగ్గర నాపరాళ్ళ క్వారీలను ఆనుకుని ఉన్న ఆ పల్లెలో జీవరత్నం నోటికి మేస్త్రీలు కూడా పక్కకు తప్పుకునేవాళ్ళు. మనిషి పొట్టి, నోరు పొడుగు. రాయి మోయడంలో మగవాడికి తీసిపోదు, మాట పడటం మాత్రం పుట్టుకతోనే రాలేదు.

క్రిస్మస్ నెలలో చర్చి ముందు జడకోలాటం వేస్తే పెత్తనమంతా ఆమెదే. పైనుంచి వేలాడే తాళ్ళు తలా ఒకటి పట్టుకుని ఆడవాళ్ళు ఒకరినొకరు దాటుకుంటూ తిరుగుతారు, తాళ్ళన్నీ జడగా అల్లుకుంటాయి. ఒక్కరు అడుగు తప్పినా అంతా చిక్కే. అట్లా తప్పినవాళ్ళను జీవరత్నం నలుగురిలో దులిపేసేది. "కాళ్ళా అయ్యి, రోకళ్ళా?" అని ఒకసారి పక్కింటి రామాయమ్మను అంటే, ఆ పిల్ల ఏడ్చుకుంటూ ఇంటికి పోయి మళ్ళీ కోలాటం మొహం చూడలేదు. అయినా జీవరత్నం తాడు పట్టుకుని గిర్రున తిరుగుతుంటే తిట్లు తిన్నవాళ్ళు కూడా నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. ఆ కాసేపూ సుబ్బమ్మకు కూడా కోడలి మీద కోపం ఉండేది కాదు.

ఎనభై ఆరులో లారీకి లోడెక్కిస్తుంటే పేర్చిన రాళ్ళు జారి జీవరత్నం నడుం మీద పడ్డాయి. గుంటూరు పెద్దాసుపత్రిలో చానాళ్ళు ఉంచుకుని, ఇక నడవదని చెప్పి పంపించారు. నడుం కింద గిల్లినా తెలియదు. వచ్చేటప్పుడు నర్సమ్మ సుబ్బమ్మ చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది: "పెద్దమ్మా, పూటకు రెండుసార్లన్నా పక్కకు తిప్పు. ఒకే పక్కన పడుకుంటే పుండు పడుద్ది. పుండు పడితే మనిషి దక్కదు."

తిప్పడానికి ఇద్దరు కావాలి. సుబ్బమ్మ ఎండిన కట్టె, దానికి తోడు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న మణికట్టు. కొడుకు పెదకోటయ్య కొన్నాళ్ళు తిప్పాడు. తర్వాత కృష్ణ దాటి నల్గొండ వైపు క్వారీలో పని ఉందని పోయాడు. పోయినవాడు పోయినట్టే ఉన్నాడు. అక్కడ ఇంకో ఆడదాన్ని పెట్టుకున్నాడని మాట వచ్చింది. సుబ్బమ్మ కన్నకొడుకును శపించడానికి నోరు రాక, వాడి అన్నం కంచం తీసుకుపోయి కోళ్ళకు తవుడు కలపడానికి వాడుకుంది.

మొదట్లో వీధిలో ఆడవాళ్ళు వచ్చి సాయం పట్టారు. నిత్యం చచ్చేవాడికి ఏడ్చేవాడెవడు? రాను రాను తగ్గారు. పొద్దున లేస్తే క్వారీ, వస్తే పొయ్యి, వాళ్ళకు మాత్రం ఓపిక ఎక్కడిది? పైగా జీవరత్నం పిలిచే మనిషి కాదు. ఒకప్పుడు తాను తిట్టినవాళ్ళ చేత తిప్పించుకోవడం కంటే చావు నయమని ఆమె లెక్క.

అప్పుడు వచ్చింది ఆ ఆట. తెచ్చినవాడు చాంద్ బాషా, ఆ రోజు లోడెత్తుతున్న లారీ డ్రైవర్. రాళ్ళు పేర్చింది అతను కాదు, అయినా ఆ లారీ తనదేనన్న బాధ అతన్ని వదల్లేదు. మద్రాసుకు లోడు తోలినప్పుడు బర్మా బజార్లో కొన్నాడట. అరచేతిలో ఇమిడే డబ్బా, మధ్యలో చిన్న అద్దం, అటూ ఇటూ బొత్తాలు. అద్దంలో పావడా కట్టిన నల్లటి బొమ్మపిల్ల ఒకటి మెట్టు మీంచి మెట్టు మీదికి దూకుతుంది. దయ్యం ఎదురొస్తే ఎర్ర బొత్తాం నొక్కాలి. పిల్ల చేతులెత్తి నాట్యం చేస్తుంది, దయ్యం రాయైపోతుంది, ఆ రాయే ఆమెకు పై మెట్టవుతుంది. నొక్కడం ఆలస్యమైతే పిల్ల కింద పడుతుంది.

"కాళ్ళు లేనిదానికి ఈ గెంతే పిల్లేంది అన్నా?" అంది జీవరత్నం. చాంద్ బాషా మొహం మాడిపోయింది. కానీ సాయంత్రానికల్లా ఆమె వేళ్ళు బొత్తాల మీదే ఉన్నాయి. బొమ్మకు రాణెమ్మ అని పేరు కూడా పెట్టింది.

రాణెమ్మ సంగతి పల్లెంతా పాకింది. టీవీయే సరిగ్గా ఎరగని ఊరు. పొద్దున పనికి పోయేముందు కొందరు, పగలు ఇళ్ళ దగ్గరుండేవాళ్ళు కొందరు వచ్చిపోయేవాళ్ళు. క్వారీ నుంచి వచ్చిన ఆడవాళ్ళయితే తలమీది దుమ్మైనా దులుపుకోకుండా సుబ్బమ్మ గుమ్మంలో చేరేవాళ్ళు. జీవరత్నం ఒకటే షరతు పెట్టింది: "ముందు నన్ను తిప్పండే. తర్వాతే ఆట." ఇద్దరు భుజాలు పట్టేవాళ్ళు, ఒకరు నడుం కింద చెయ్యేసేవాళ్ళు, రెండో మాట లేకుండా పని అయిపోయేది. తర్వాత చూడాలి ఆ సందడి. "దూకే! దూకమంటే నిలబడతావేందే? నొక్కు, ఎర్రది నొక్కు!" అని మంచంలోంచి జీవరత్నం కేకలు. రామాయమ్మ కూడా వచ్చింది. రాణెమ్మను పడేసి తిట్లు తిని, ఈసారి ఏడవకుండా పకపకా నవ్వింది. ఆ నవ్వులు వింటూ సుబ్బమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, నా కోడలు బతికిందిలే అనుకునేది.

ఏడాది తిరక్కముందే రోహిణికార్తె ఎండల్లో ఒకరోజు అద్దంలో రాణెమ్మ మసకబారి, ఆరిపోయింది. లోపలి బిళ్ళ బ్యాటరీలు అయిపోయాయి. చాంద్ బాషా లారీ మీద మద్రాసులో ఉన్నాడు. జీవరత్నం విసుక్కుంటూ నిద్రపోయింది.

టార్చిలైటు బ్యాటరీలు అయిపోతే పల్నాడులో అందరూ ఏం చేస్తారో సుబ్బమ్మా అదే చేసింది. ఎండలో పెడతారు. ఎండకు కాస్త శక్తి పుంజుకుని ఇంకో నాలుగు రోజులు వెలుగుతాయి. ఈ డబ్బా మూత తియ్యడం ఆమెకు తెలియలేదు, అందుకని డబ్బా మొత్తంగా తీసుకుపోయి వాకిట్లో నల్ల నాపరాయి మీద, అద్దం పైకి పెట్టి ఉంచింది. కాకి ఎత్తుకుపోతుందేమోనని తానూ చూరు నీడలో కాపలా కూర్చుంది. కోడలు లేచేసరికి రాణెమ్మను లేపి చేతిలో పెట్టాలని ఆమె ఆశ. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయన్న ముక్క ఆ పిచ్చిదానికి ఆ పూట గుర్తు రాలేదు.

పొద్దు వాలాక తీస్తే డబ్బా పెనంలా కాలింది. అద్దమంతా కాటుక పూసినట్టు నల్లగా ఉంది.

జీవరత్నం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. సుబ్బమ్మ తిట్ల కోసం తల వంచుకుని నిలబడింది. ఒక్క తిట్టూ రాలేదు. "ఎండలో పెట్టావా అత్తా?" అని మాత్రం అంది.

చాంద్ బాషా వచ్చి కొత్త బిళ్ళలు వేశాడు. కుయ్యి కుయ్యిమని చప్పుడు వచ్చింది గానీ అద్దం నలుపు వదల్లేదు. మద్రాసు తీసుకుపోయి చూపించి, తిరిగి తెచ్చి మంచం మీద పెట్టాడు. "అద్దం ఉడికిపోయిందంట చెల్లెమ్మా. ఇట్లాంటిది మళ్ళీ బజారుకు రాలేదంట" అని తలవంచుకుని వెళ్ళిపోయాడు.

ఆడవాళ్ళు కొన్నాళ్ళు వచ్చారు. నల్లటి అద్దం చూసి అయ్యో అన్నారు. తర్వాత రాలేదు. సుబ్బమ్మ గడప గడపకూ పోయి పిలిచేది. "కోడల్ని కాస్త తిప్పి పోండమ్మా." "వస్తాంలే అత్తా, నువ్వు పద" అనేవాళ్ళు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. నిజంగా వద్దామనుకునే అనేవాళ్ళు, అంతలో పిల్లాడు ఏడ్చేవాడు, ఎసరు పొంగేది.

జీవరత్నం చప్పుడును బట్టే ఆడేది. ఏ కూతకు ఏ మెట్టో ఆమెకు కంఠతా వచ్చు. దారిన పోయేవాళ్ళు విని, పాపం పిచ్చి పట్టిందనుకున్నారు. సుబ్బమ్మ దుప్పటి అంచు పట్టి లాగి ఒక్కతే తిప్పబోయేది. మనిషి కదిలేది కాదు, మణికట్టు కలుక్కుమనేది. ఒకరోజు గుడ్డ మారుస్తుంటే వాసన కొట్టింది. చెయ్యి పెట్టి చూస్తే నడుం కింద చర్మం లేదు. వేపాకు, పసుపు నూరి పెట్టింది. నర్సమ్మ మాట చెవిలో పోరుపెడుతూనే ఉంది.

"వాళ్ళు రాణెమ్మ కోసం వచ్చారు గానీ నా కోసం వచ్చారా అత్తా?" అంది జీవరత్నం. "నేనెవర్ని మంచిగా చూశానులే."

సుబ్బమ్మ లేచి, కొంగు నడుముకు చుట్టి వీధి మధ్యకు పోయింది. క్వారీ నుంచి అప్పుడే అందరూ దిగుతున్నారు. "ఏమే రామాయమ్మా! మంగమ్మా! రాణెమ్మ లేచిందే! అద్దం బాగయిందే, రండే!" అని గొంతు చించుకుని అరిచింది.

పరుగున వచ్చారు. గుమ్మం నిండిపోయింది. వచ్చీ రాగానే, పాత అలవాటు ప్రకారం, ఎవరూ చెప్పకుండానే రామాయమ్మ భుజాలు పట్టింది, మంగమ్మ నడుం కింద చెయ్యేసింది. తిప్పారు. మంగమ్మ చెయ్యి తడిగా వచ్చింది. మిగతావాళ్ళు ముందుకు వంగి ఆ పుండు చూశారు. ఆట సంగతి ఎవరూ అడగలేదు. జీవరత్నం గోడవైపు మొహం తిప్పుకుని కళ్ళు మూసుకుంది.

ఆ రోజు నుంచి వంతులేసుకుని వచ్చారు. పాపం, రామాయమ్మ అయితే పని మానుకుని కూడా వచ్చింది. పుండు అప్పటికే ఎముక దాకా పోయింది. జ్వరం పట్టుకుని, శ్రావణం వెళ్ళకముందే జీవరత్నం కన్నుమూసింది.

సమాధుల దొడ్డి నుంచి తిరిగొచ్చాక ఆడవాళ్ళు సుబ్బమ్మ చుట్టూ కూర్చున్నారు. బొమ్మను ఎండలో పెట్టింది నీ మంచితనమే గదత్తా, దానికి ఏడవమాకు అని రామాయమ్మ వీపు నిమిరింది.

"దానికి కాదే నేనేడ్చేది" అంది సుబ్బమ్మ. "గడప గడపకూ తిరిగి నిజం చెప్పుకుంటా కూర్చున్నా. ఆ అబద్ధమేదో నెల ముందు ఆడితే నా కోడలు బతికేది."

రామాయమ్మ చెయ్యి ఆమె వీపు మీద అట్లాగే ఆగిపోయింది.