తాడు విప్పిన గెడ

సీతారామాంజనేయులు గారిది రాజోలు పక్క లంక గ్రామం. కుర్రతనంలోనే వైజాగ్ వచ్చి ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటరుగా చేరారు. అక్కడే రిటైరై, దువ్వాడలో మా ఎదురుగా ఇల్లు కట్టుకున్నారు. అంత పేరు పిలిచే ఓపిక ఎవరికీ లేక ప్లాంటులో అందరూ ఆంజనేయులు గారనేవారు. మాకు ఎదురింటి బాబాయిగారు.

పని దగ్గర ఆయనకో పట్టింపు ఉండేది. ఎత్తు మీద పనిచేసేవాడి చేతిలో ఉన్నది పానా అయినా సుత్తి అయినా తాడుతో నడుముకి కట్టి ఉండాల్సిందే. "చేతిలోంచి జారనిది ఏదీ లేదండి. జారేదాకా జారదనుకుంటాం, అంతే" అనేవారు. ఆ పట్టింపు రిటైరయ్యాక ఇంటికొచ్చింది. నీళ్ల ట్యాంకు మూతకి తాడు, మేడ మీద బకెట్టుకి తాడు. చివరికి వంటింట్లో గ్యాసు లైటరుకి కూడా దారం కట్టి మేకుకి తగిలించేసరికి పద్మావతి పిన్నిగారి సహనం అయిపోయింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కూతురు నిఖితకి ఫోన్ చేసి, "మీ నాన్నని ఇంట్లోంచి కదిలించే ఉపాయం ఏదైనా ఉంటే చెప్పవే తల్లీ" అన్నారు.

వారం తిరక్కుండా పార్సిల్ వచ్చింది. విప్పితే చేపలు పట్టే గెడ. మన వెదురు గేలపు కర్రలాంటిది కాదు. నల్లగా నిగనిగలాడే ఫైబరు గెడ, మొదట్లో దారం చుట్టుకునే రీలు, దాన్ని తిప్పే చిన్న పిడి. చిన్నప్పుడు కాలవ గట్టున కూర్చుని జెల్ల చేపలు పట్టిన మనిషి కదా, ఆ గెడ చేతిలోకి తీసుకుని రీలు తిప్పి తిప్పి చూసుకున్నారు. "నా కూతురికి నా చిన్నతనం ఎలా తెలిసిందో" అని ఆ సాయంత్రం మా వీధిలో నలుగురికీ చూపించారు.

స్కూటరు మీద అప్పికొండ సముద్రపు ఒడ్డుకి వెళ్లడం మొదలుపెట్టారు. మొదట్లో ఒడ్డున రాళ్ల మీద నిలబడి విసిరేవారు. ఒక్క చేప పడేది కాదు. పక్కనే వల ఆరబెట్టుకుంటున్న పైడయ్య రెండు మూడు రోజులు చూసి, ఇక ఆగలేకపోయాడు.

"ఏటి బాబూ, ఆ కర్రతో సంద్రాన్ని అదిలిత్తన్నావా? సేపలు ఈ రాళ్లల్లో ఏటి సేత్తాయి? లోనకి రా, సూపిత్తాను."

పైడయ్య అక్కడి జాలరి వాడ మనిషే. తాతల నాటి నుంచీ వేటే. ఇంజను బిగించిన చిన్న ఫైబరు పడవ ఉంది. వల వేశాక అది నిండేదాకా ఖాళీగా కూర్చోవాలి కాబట్టి, ఆ కాస్సేపూ మాట్లాడ్డానికి ఒక మనిషి దొరికాడని ఆంజనేయులు గారిని ఎక్కించుకునేవాడు. మొదట బాబూ అన్నాడు. తర్వాత సారూ అన్నాడు. ఓ రోజు ఈయన గెడకి పార చేప పడి, దాన్ని లాగలేక పడవలో వెల్లకిలా పడితే, పగలబడి నవ్వుతూ బావా అన్నాడు. ఆ తర్వాత మరో పిలుపు లేదు.

గెడ కట్టమని మొదట చెప్పిందీ పైడయ్యే. పాత వలలోంచి తీసిన నైలాను తాడు తెచ్చి, ఒక కొస రీలు కింద గెడకీ, రెండో కొస పడవ అడ్డచెక్కకీ తనే ముడేశాడు. "సంద్రంలో సేతిలో ఉన్నది నీది కాదు బావా. కట్టింది నీది" అన్నాడు.

విచిత్రం ఏమిటంటే, జన్మంతా పానాలకీ సుత్తులకీ తాళ్లు కట్టించిన మనిషి ఆ తాడు విప్పేశారు. చేప తగిలినప్పుడు మోచేతికి చుట్టుకుంటోందని చెప్పారు. అసలు సంగతి అది కాదని తర్వాత ఓసారి నాతో అన్నారు. "ముప్పై ఏళ్లకి పైగా క్రేన్ మీద గాజు గదిలో కూర్చుని, కింద ఎవడి నెత్తిన ఏం పడుతుందో అని ఊపిరి బిగబట్టి బతికానమ్మా. సముద్రం మీద అలా గెడ పట్టుకుంటే నా కింద ఎవరూ లేరు. అక్కడ కూడా తాడెందుకనిపించింది." పైడయ్య మళ్లీ కట్టేవాడు. ఈయన మళ్లీ విప్పేవారు. అది వాళ్లిద్దరికీ ఆటైపోయింది.

కోనం చేపలు తిరిగే కాలం. పొద్దున్నే బయల్దేరారు. వల వేసి, ఇంజను ఆపి, ఎండ ఎక్కుతుంటే ఆంజనేయులు గారు ఫ్లాస్కు తీశారు. టీ పొయ్యడానికి రెండు చేతులూ కావాలి కదా. గేలం నీళ్లలో ఉండగానే, తాడు విప్పి ఉన్న గెడని పడవ అంచుకి ఆనించి పక్కన పెట్టారు. గెడ కింద పెట్టేటప్పుడు, చేప లాగితే దారం వదిలేలా రీలు బిగువు తగ్గించాలని ఆయనకి తెలుసు. తగ్గించలేదు. గ్లాసు పైడయ్యకి అందిస్తున్నారు, అంతలోనే వెనక టక్కుమని చప్పుడు. తిరిగి చూసేసరికి గెడ లేదు.

మునిగిపోయినా బాగుండేది. గెడ పిడికి స్పాంజి తొడుగు ఉండడంతో అది నీళ్ల మీద తేలుతూ, చేప లాగుతున్న వైపు మెల్లగా పోతోంది. చెయ్యి చాపితే అందేటంత దూరంలో ఉన్నట్టే ఉంది.

"అయ్యో, మా అమ్మాయి ఇచ్చింది! పైడయ్యా! అమ్మాయి ఇచ్చిందయ్యా!" అని కేకేశారు.

పైడయ్య గ్లాసు వదిలేసి దూకేశాడు.

నాలుగు బారలు ఈది గెడ దగ్గరికి వెళ్లాడు. చెయ్యి వేసేలోగా చేప లోపలికి గుంజింది. గెడ చేజారి, బిగుసుకున్న దారం చేతికొచ్చింది. వల దారమైతే అతనికి అలవాటే. ఇది సన్నగా అల్లిన దారం, బలమైన చేపకి కూడా తెగనిది. కుడిచేతి రెండు వేళ్లకి మెలి పడింది. చేప ఇంకోసారి గుంజింది.

పైడయ్య తేలి వచ్చేసరికి అతని చుట్టూ నీళ్లు ఎర్రగా ఉన్నాయి. గెడ లేదు. పడవ అంచు ఎడంచేత్తో పట్టుకుని, "పోనాది బావా, అందనేదు" అన్నాడు, తనే ఏదో తప్పు చేసినట్టు.

ఆంజనేయులు గారు అతన్ని ఎలాగో పైకి లాగి, తన తువ్వాలు ఆ చేతికి చుట్టారు. ఇంజను తాడు లాగడం ఆయనకి ఎప్పుడూ రాలేదు, నేర్చుకోనూ లేదు. పడవలో పడుకున్న పైడయ్య చెబుతుంటే లాగారు. "ఇంకా గట్టిగా లాగు బావా. ఏటీ అవనేదు నాకు, నువ్వు భయపడిపోకు." ఎన్నిసార్లు లాగితే అంటుకుందో ఆయనకి గుర్తు లేదు. వల అక్కడే వదిలేసి ఒడ్డుకి వచ్చారు.

గాజువాక ఆసుపత్రిలో కుట్లు వేశారు. వేళ్లు ముడిచే నరాలు తెగాయని, అతికించినా పూర్వంలా పిడికిలి బిగియదని డాక్టరు చెప్పాడు. ఖర్చంతా ఆంజనేయులు గారే పెట్టుకున్నారు. ఆ మాట ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తే విషయం కాదు కూడా.

వారం తర్వాత పళ్లు పట్టుకుని పైడయ్య ఇంటికి వెళ్లారు. గుమ్మంలో అతని భార్య గంగాలమ్మ కూర్చుని ఉంది. లేవలేదు.

"కూతురిచ్చిన గెడ పోతే కూతురు ఇంకోటి కొంటాది. నా మొగుడి సెయ్యి ఎవులు కొంటారు బాబూ?" అంది.

లోపల్నుంచి పైడయ్య అరిచాడు. "నోరు ముయ్యే! నానే దూకినాను. దూకమని ఆ బావ అన్నాడేటి?"

ఆంజనేయులు గారు అనలేదు. నిజమే. కానీ తను ఎలా కేకేశారో ఆయనకి తెలుసు. మునిగిపోతున్నది గెడ కాదు, మనిషి అన్నట్టు కేకేశారు. ఆ కేక విని దూకకుండా ఉండే మనిషి కాడు పైడయ్య. "దూకకు అనడానికి నాకు ఒక్క క్షణం ఉంది పిల్లా. ఆ క్షణం నేను గెడనే చూశాను" అన్నారు నాతో.

వల లాగాలంటే పిడికిలి కావాలి. చిరిగిన వల అల్లుకోవాలంటే వేళ్లు కావాలి. పైడయ్యకి రెండూ లేకపోయాయి. పడవ గంగాలమ్మ తమ్ముడు నాగబాబు చేతికి వెళ్లింది. పైడయ్య ఒడ్డున ఐసు షెడ్డులో కాపలాకి కుదిరాడు. గంగాలమ్మ గంప ఎత్తుకుని ఊరి మీద చేపలమ్మడం మొదలుపెట్టింది.

కూతురికి మాత్రం ఆంజనేయులు గారు చెప్పలేదు. గెడ ఎలా ఉంది నాన్నా అని అడుగుతుందేమోనని ఫోను పద్మావతి పిన్నిగారికి ఇచ్చేసేవారు. ఎండల్లో నిఖిత సెలవు పెట్టి వచ్చింది. రెండో రోజు భోజనాల దగ్గర ఇక దాచలేక మొత్తం చెప్పేశారు. నిఖిత అన్నం కలుపుతూ ఆగిపోయింది.

"నాన్నా, అది ఆఫర్‌లో కనిపిస్తే కొన్నాను. అమ్మ ఊరుకోవడం లేదని ఏదో ఒకటి పంపాను. నాకు దాని రంగేమిటో కూడా గుర్తు లేదు. దానికోసం ఒక మనిషి చెయ్యి..."

ఆంజనేయులు గారు కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నారు.

ఆ తర్వాతే ఆయన ఆటోనగర్ తిరగడం మొదలుపెట్టారు. అక్కడి షాపుల్లో తుప్పు పట్టని కొక్కేలు, సాగే తాడు, చిన్న రింగులు ఏరి తెచ్చేవారు. వరండాలో చాప పరుచుకుని కూర్చుని గెడ తాళ్లు తయారుచేసేవారు. ఒక కొస గెడకి ఉచ్చు, రెండో కొస పడవకి కొక్కెం. మధ్యలో తాడు చెయ్యి పైకెత్తితే సాగుతుంది, దించితే ముడుచుకుంటుంది, మోచేతికి చుట్టుకోదు. ఆదివారాలు సరదాకి చేపలు పట్టడానికి అప్పికొండ వచ్చే ఉద్యోగస్తులకి ఒక్కొక్కటీ ఇచ్చి, కట్టి చూపించేవారు. కొందరు థాంక్యూ అంకుల్ అని జేబులో వేసుకునేవారు. కొందరు నవ్వేవారు. ఎవరు నవ్వినా చివరి మాట మాత్రం చెప్పకుండా వదిలేవారు కాదు. "కట్టుకోండి. కట్టుకున్నా పోయిందనుకోండి, పోనివ్వండి. ఎవరినీ పిలవకండి."

ఒడ్డుకి వెళ్లిన ప్రతిసారీ ఐసు షెడ్డు దగ్గర ఆగేవారు. ఎలా ఉంది చెయ్యి, నొప్పి తగ్గిందా, ఆ రోజు నేనలా కేకెయ్యకుండా ఉండాల్సింది పైడయ్యా. ఇదే మాట, ప్రతిసారీ. ఓ రోజు పైడయ్య బీడీ పారేసి సూటిగా చూశాడు.

"బావా, ఒక మాట సెప్తాను, కోపం తెచ్చుకోకు. నువ్వొచ్చినప్పుడల్లా నా సెయ్యే సూత్తావు, నన్ను సూడవు. నువ్వు బాధ పడతావు, నాను నిన్ను ఓదార్చాలి. సెయ్యి పోనాది నాది. ఓదార్పు కూడా నానే సెప్పాలా? అలిసిపోతన్నాను."

ఆంజనేయులు గారు "మరి రావద్దా?" అని అడిగారు.

"రా. ఆ మాట వొగ్గెయ్. లంకల్లో మీ ఊరి సంగతులు సెప్పు, మీ కాలవల సంగతి సెప్పు. ముందు సెప్పేవోడివి కదా."

కొన్నాళ్లు వెళ్లలేకపోయారు. అలవాటైన క్షమాపణ లేకుండా అతని ముందు ఎలా కూర్చోవాలో తెలియలేదట. ఆ తర్వాత వెళ్లారు. ఇప్పుడు నెలకి ఒకటి రెండుసార్లు వెళ్తారు. షెడ్డు నీడలో కూర్చుని గోదావరి వరదల గురించీ, నాగబాబు పడవ నడిపే తీరు గురించీ మాట్లాడుకుంటారు. పడవెక్కుదామని మాత్రం ఇద్దరిలో ఎవరూ అనరు.

గంగాలమ్మ మా వీధికి వస్తుంది. "సేపలమ్మా, సేపలో" అని వీధి మొదట్లో ఎత్తుకున్న కేక మా ఇంటి దాకా సాగుతుంది. మా గుమ్మం ముందు గంప దించి, బేరమాడి, నవ్వి, మళ్లీ నెత్తికెత్తుకుంటుంది. ఎదురింటి గేటు ముందు నుంచి వెళ్లేటప్పుడు మాత్రం నోరు మెదపదు. ఆ గోడ దాటాక మళ్లీ కేక మొదలవుతుంది. వరండాలో కూర్చున్న ఆంజనేయులు గారు ఆ కాస్సేపూ తలెత్తరు. పద్మావతి పిన్నిగారు చేపలు గాజువాక మార్కెట్లో కొనుక్కుంటున్నారు.