మూడు గణాల పాదం

ఎల్లారెడ్డిలో బస్సెక్కగానే వందన పక్క సీట్లో సంచి పెట్టేది. లింగంపేటలో ఎక్కే అంజలి కోసం. అంజలిది అక్కడికి దగ్గర్లోని తండా. ఇద్దరూ కామారెడ్డిలో డిగ్రీ చదువుతున్నారు.

సానెట్ అంటే ఏమిటో అంజలికి నేర్పింది వందనే. "పద్నాలుగు పాదాలు. ఎనిమిది అయినంక మాట మలుపు తిరగాలె. మన తెలుగుల పాదానికి నాలుగు గణాలు, గణానికి నాలుగు మాత్రలు" అంటూ ముందు సీటు కమ్మీ మీద వేలితో కొట్టి చూపేది. అంజలి తాళం తప్పితే ముద్దుగా విసుక్కునేది. తను పై మెట్టు మీద ఉన్నన్నాళ్లూ ఆ స్నేహం చల్లగానే సాగింది.

కాలేజీలో సానెట్ పోటీ పెట్టారు. వందన పోచారం చెరువు మీద రాసింది. ఒక్క మాత్ర తప్పలేదు. కాగితాలివ్వాల్సిన రోజు అంజలి తనది తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"తప్పులుంటే చెప్పే. నీకైతే తెలుస్తది."

తండ్రి బాబూలాల్ చెరకు నరికే పనికి వలస పోయిన పొద్దు గురించి రాసింది. ఏడు పాదాలు సాఫీగా నడిచాయి. ఎనిమిదోది: "లారీ మలుపున బాపూ".

మూడు గణాలే. నాలుగో దెబ్బ కొట్టబోయిన వందన వేలు గాలిలోనే ఆగింది. ఆ ఖాళీలో లారీ వెళ్లిపోయింది, పిలిచిన పిల్ల రోడ్డు మీద మిగిలింది. ఎన్నేళ్లు కూర్చున్నా అలా రాయడం తన వల్ల కాదు. నేర్పింది తను కదా!

"ఎనిమిదోది తక్కువ పడ్డది."

"ఎరుకే. ఏం పెట్టినా మంచిగనిపిస్తలేదు. గట్లనే ఉంచుదామా?"

"లెక్క లెక్కనే. 'అంటిని' అని పెట్టు, సరిపోతది."

అంజలి కాసేపు తటపటాయించి రాసింది: "లారీ మలుపున బాపూ అంటిని". పాదం నిండింది. అందులోని ప్రాణం పోయింది. అది చూసి వందన మనసు కుదుటపడింది.

ఫలితాల్లో వందన మొదట, అంజలి రెండు. "ఎనిమిదో పాదం చప్పబడింది, లేకుంటే నీదే" అన్నారు పోటీకి జడ్జిగా ఉన్న చక్రధర్ సారు అంజలితో.

తిరుగు బస్సులో అంజలి ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు దిద్దకుంటే గీ రెండోది గూడ రాకపోవు."

చెప్పేద్దామని వందన నోరు తెరిచింది. ఈలోగా అంజలి సంచిలోంచి మరో కాగితం తీసింది.

"ఇంకోటి రాసిన. చూస్తవా?"

చెప్పాల్సింది చెప్పకుండానే కాగితం అందుకుంది. మడత విప్పుతూ, ఇందులో నిజంగానే తప్పులుండేలా చూడు దేవుడా అని వందన ప్రార్థించింది.