ఊదితే సణిగినట్టు కాదు

పరిశోధన మొదలుపెట్టినవాళ్లను మెథడాలజీ అధ్యాయం దగ్గర ఒక ప్రశ్న పట్టుకుని ఆపేస్తుంది. వాస్తవం అనేది మనతో పని లేకుండా బయట పడి ఉంటుందా, కొలిస్తే తెలుస్తుందా? లేక మనుషులు చెప్పుకునే మాటల్లో ఉంటుందా, వాళ్ల మధ్య కూర్చుని వింటే తప్ప తెలియదా? మొదటిదాన్ని పాజిటివిజం అంటారు, రెండోదాన్ని ఇంటర్‌ప్రెటివిజం అంటారు. ఏదో ఒక పక్షం తీసుకుని, ఎందుకు తీసుకున్నామో కొన్ని పేజీలు రాయాలి. నాతోటివాళ్లు చాలామంది పాత థీసిస్‌ల నుంచి ఆ పేజీలు ఎత్తి అతికించి చేతులు దులుపుకున్నారు. మా అక్క దగ్గకపోయి ఉంటే నేనూ అదే చేసేదాన్ని.

మాది అల్లూరు దగ్గర. వరి మళ్లు ఒక్కొక్కటే రొయ్యల గుంటలయ్యాక మా పేట ఆడవాళ్లకు నాట్లు పోయి షెడ్డు వచ్చింది. షెడ్డు అంటే గుంటల్లో పట్టిన రొయ్యలకు తలలు తుంచి, పొట్టు ఒలిచి, ఐసులో సర్ది పంపే చోటు. పొద్దున్నే వ్యాను వచ్చి ఎక్కించుకుపోతుంది. రోజంతా తడి నేల మీద నిలబడాలి, చేతులు ఐసులో ఉండాలి, క్లోరిన్ నీళ్ల ఘాటు పీలుస్తూ ఉండాలి. అమ్మ పోయినప్పటి నుంచి నన్ను పెంచిందీ చదివించిందీ మా అక్కే, ఆ షెడ్డులో నిలబడే. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే "దీని చదువు గానీండి" అనేది. నా చదువు కాలేదు గానీ ఆమె దగ్గు ముదిరింది.

ఆస్పత్రికి రమ్మంటే రాదు. పని మానమంటే నవ్వుతుంది. అందుకే ఆ షెడ్డు ఆడవాళ్ల ఆరోగ్యాన్ని నా పరిశోధన అంశంగా తీసుకున్నాను. సామాజిక ప్రయోజనం అని గైడు గారికి చెప్పాను. అసలు సంగతి వేరు. మా అక్కను ఆ వ్యాను ఎక్కకుండా ఆపగలిగేది కాగితం మీద రుజువు ఒక్కటేనని నమ్మాను. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క చదువుకున్న మూర్ఖురాలికి అంతకంటే గొప్ప ఉపాయం తట్టలేదు.

గైడు గారు లెక్కల మనిషి. ముందు ఒక పరికల్పన పెట్టుకోవాలి, తర్వాత దాన్ని అంకెలతో పరీక్షించాలి అనేవారు. ఆ షెడ్డులో ఎక్కువ కాలం పనిచేసినవాళ్లకు ఊపిరి బాధలు ఎక్కువగా ఉంటాయన్నది నా పరికల్పన. ప్రశ్నావళి తయారుచేశాను. ఒక్కో ప్రశ్నకు 'చాలా బాగుంది' నుంచి 'అసలు బాగలేదు' దాకా అయిదు గడులు. షెడ్డు లోపలికి వెళ్లడానికి మేనేజరు అనుమతి కావాలి కాబట్టి ఫలితాల ప్రతి ఒకటి ఆయనకూ ఇస్తానని ఒప్పుకున్నాను.

తర్వాత ఇల్లిల్లూ తిరిగాను. వేళ్ల సందుల్లో చర్మం చిట్లి గుడ్డ చుట్టుకున్న ఒకావిడ, "బాధేముండాదమ్మా, దేవుడు బాగా చూసుకుంటావుండాడు" అని 'చాలా బాగుంది' గడి మీద వేలు పెట్టింది. పక్కింటావిడా అంతే. మా అక్క దగ్గరికి వచ్చాను.

"దగ్గు ఉందా?"

ఆమె దగ్గి, "లేదు" అంది.

"ఇప్పుడే దగ్గినావు గదక్కా."

"గొంతులో ఏందో పడింది. లేదని రాయి మే. తిన్నింటి వాసాలు లెక్కబెట్టమంటావా నన్ను?"

మా పేటంతా చర్చి సంఘం మనుషులం. మాటలు వచ్చిన దగ్గర్నుంచి మా ఆడపిల్లలకు నేర్పే పాఠం సణగొద్దని. బాధ ఉండటం తప్పు కాదు. దాన్ని మనిషితో చెప్పుకుంటే సణుగుడు, దేవుడితో చెప్పుకుంటే ప్రార్థన. బైబిల్లో ఎడారి దారిన సణిగినవాళ్లను దేవుడు ఏం చేశాడో పాస్టరు గారు ఏటా చెబుతారు, మేం ఏటా భయపడతాం. నేనూ ఆ చాప మీద కూర్చుని పెరిగినదాన్నే. అయినా ప్రశ్నావళి రాసేటప్పుడు అడిగితే చెప్పేస్తారన్న పట్నం ధీమాతో రాశాను. మా వాళ్లను అయిదు గడుల ముందు కూర్చోబెట్టడమంటే సణుగుతారా లేదా అని పరీక్ష పెట్టడమేనని తట్టలేదు. అందరూ ఆ పరీక్షలో నెగ్గారు.

గైడు గారు పట్టికలు చూసి తల ఊపారు. "ఫలితం స్పష్టంగా ఉందమ్మా. నీ పరికల్పన నిలబడలేదు. అదీ ఒక ఫలితమే."

"వాళ్లు నిజం చెప్పలేదు సార్."

"నీకెలా తెలుసు?"

"వాళ్లలో ఒకావిడ పక్కనే నేను పడుకుంటాను సార్."

"దాన్ని పక్షపాతం అంటారు" అన్నారాయన, మెత్తగానే. "నీకు అనిపించింది రుజువు కాదు."

ఆయన చెడ్డవాడైనా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. ఒప్పందం ప్రకారం ఆ పట్టికల ప్రతి మేనేజరుకు ఇచ్చి, గైడు గారితో నెలల తరబడి పోట్లాడి రెండో పక్షానికి మారాను. ఇక ప్రశ్నలు లేవు, గడులు లేవు. వాళ్ల మాటలు వాళ్లు మాట్లాడుకునే చోటే వినాలి.

ఆ చోటు చర్చి స్త్రీల కూటం. ఆదివారం మధ్యాహ్నం ఎవరో ఒకరింట్లో చేరి పాటలు పాడి, ఒక్కొక్కరూ లేచి తమ కష్టాన్నీ అందులో దేవుడు చేసిన మేలునూ చెబుతారు, దాన్నే సాక్ష్యం అంటారు. అక్కడ అన్నీ బయటికొచ్చాయి. ఒకామెకు వేళ్లు మొద్దుబారి బిడ్డకు జడ అల్లడం రావడం లేదట. ఒకామె మెట్లెక్కలేక మధ్యలో కూర్చుందట. మా అక్క లేచి, పడుకుంటే ఊపిరి ఆడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాననీ, దేవుడు ప్రతి ఉదయం మళ్లీ ఊపిరి ఇస్తున్నాడనీ, అందుకు స్తోత్రమనీ చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. ఆమె పక్కనే పడుకునే నాకు ఆ సంగతి తెలియదు. నేను కళ్లు మూసుకున్నాక లేచి కూర్చుంటుందన్నమాట. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు వెనకాలే, ఇదే నా డేటా అన్న సంబరమూ వచ్చింది, అది చాలా నీచమైన సంబరం.

ఇంటికి రాగానే, నువ్వు చెప్పింది థీసిస్‌లో రాసుకోవచ్చా అని అక్కను అడిగాను. అనుమతి లేకుండా రాయకూడదు కదా.

"వద్దు" అంది అక్క. "అది దేవుడితో చెప్పుకున్న మాట. నువ్వు ఆడ ఉండావు, విన్నావు. నీకు చెప్పింది గాదు."

"నీ మంచికే అక్కా."

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడతాది. ఊరుకో."

మిగిలినవాళ్లనూ అడిగాను. ఒక్కరూ ఒప్పుకోలేదు. మరుసటి ఆదివారం నేను వెళ్లి కూర్చుంటే వాళ్లు పాటలు పాడారు, ఆ తర్వాత మరికొన్ని పాటలు పాడారు, సాక్ష్యానికి ఎవరూ లేవలేదు. వాళ్లు బాధ చెప్పుకునే చోటు ఒక్కటే ఉంటే దాన్నీ నేను మూయించాను. ఆ తర్వాత కూటానికి వెళ్లడం మానేశాను.

నా మొహం చూసి గైడు గారే జాలిపడ్డారు. "ప్రాగ్మాటిజం అని ఒకటుందమ్మా. ఏ పక్షమూ పట్టుకోకుండా, నీ ప్రశ్నకు ఏ పద్ధతి పనికొస్తే దాన్ని వాడు" అన్నారు. గోడ మీద పిల్లివాటం అనుకున్నాను. కానీ ఆయన అంతటితో ఆగలేదు. నెల్లూరులో తనకు తెలిసిన ఊపిరితిత్తుల డాక్టరు గారిని ఒప్పించి, గొట్టంలోకి ఊదితే ఊపిరి బలం కొలిచే యంత్రంతో మా ఊరికి పంపించారు.

చర్చి వరండాలో బల్ల వేశాం. ఎవరూ రారనుకున్నాను. అందరిలోకీ పెద్దావిడ ఒకామె వచ్చి బల్ల చుట్టూ తిరిగి చూసి, "ఏమన్నా చెప్పాల్నా?" అని అడిగింది.

"ఏమీ చెప్పొద్దు పెద్దమ్మా, ఊదితే చాలు."

ఆమె గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఊదితే సణిగినట్టు గాదులే" అని తేల్చేసింది. దాంతో అందరూ వరస కట్టారు. "పొయ్యి ఊదినట్టు ఊదు మే", "నీ మొగుడి మీద లేచినట్టు లెయ్" అని ఒకరినొకరు ఆట పట్టించారు. నవ్వితే దగ్గు, దగ్గితే మళ్లీ నవ్వు. డాక్టరు గారు మాత్రం నవ్వలేదు. యంత్రంలోంచి కాగితాలు వస్తున్నాయి, ఆయన ఒక్కొక్కటీ చూసి పక్కన పెడుతున్నారు.

మా అక్క చాపలు సర్దుతూ ఆఖరుదాకా తప్పించుకుంది. చివరికి కూర్చుని ఊదింది. యంత్రంలో గీత కొంచెం లేచి పడిపోయింది.

"గట్టిగా ఊదమ్మా" అన్నారు డాక్టరు గారు.

"గట్టిగానే ఊదినాను సార్."

మళ్లీ ఊదించారు. గీత అంతకంటే లేవలేదు.

"ఆయాసం ఎన్నాళ్ల నుంచి?"

"ఆయాసమేం లేదు సార్. బాగుండాను."

ఆయన కాగితం నా వైపు తిప్పారు. మనుషుల మాటల్లోనే వాస్తవం ఉంటుందని అన్ని నెలలు వాదించినదాన్ని నేను. నోరులేని యంత్రం ముందు తల దించుకున్నాను. తర్వాత నెల్లూరులో ఎక్స్‌రేలు, స్కానులు. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయన్నారు. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలన్నారు. ముందే ఎందుకు తీసుకురాలేదని డాక్టరు గారు అడిగింది నన్ను.

నా పరికల్పన నెగ్గింది. ఓడిపోవాలని ఎవరైనా పరికల్పన పెట్టుకుంటారా? నాకు ఆ రోజు అది ఓడిపోయి ఉంటే బాగుండుననిపించింది.

ఆ ఫలితాలు పట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్లాను. గాలి బయటికి లాగే ఫ్యాన్లు పెట్టించమనీ, జబ్బు చేసినవాళ్లకు వైద్యం చేయించమనీ అడిగాను. ఆయన సొరుగులోంచి నేనిచ్చిన పాత పట్టికలు తీశాడు.

"దీంట్లో అందరూ బాగుందనే గదమ్మా చెప్పినారు? ఇదీ మీరు చేసిందే, అదీ మీరు చేసిందే. ఏది నమ్మమంటారు?"

ఒక్క మెథడాలజీ పుస్తకం కూడా నన్ను అంత సూటిగా అడగలేదు. జవాబు చెప్పాను, చాలాసేపు చెప్పాను. ఆయన ఓపికగా విని టీ తెప్పించాడు. ఇప్పటికీ ఆ షెడ్డుకు ఫ్యాన్లు లేవు. అక్క చోటులో ఇంకొకామె నిలబడుతోంది.

అక్క ఇప్పుడు పనికి వెళ్లడం లేదు. వెళ్లే ఓపిక లేదు. వీపు వెనక దిండ్లు పెట్టుకుని మంచం మీద కూర్చుంటుంది. మొన్న సాయంత్రం అన్నం కలిపి ఇస్తూ, అలవాటు కొద్దీ "ఎట్టా ఉందక్కా?" అన్నాను.

"బాగలేదు మే" అంది. "ఊపిరి అందటంల్యా."

ఈ ఒక్క మాట కోసం ఇన్నాళ్లూ పద్ధతులు మార్చుకుంటూ ఊరంతా తిరిగాను. తీరా విన్నాక, బాగుందని చెప్పక్కా అని కాళ్లు పట్టుకోవాలనిపించింది.

"సణగకూడదని గదా ఇన్నాళ్లూ చెప్పలేదు?" అన్నాను. మెథడాలజీ అధ్యాయంలో నేను రాసిన వివరణ అదే. గైడు గారు చాలా మెచ్చుకున్నారు కూడా.

అక్క కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"వాళ్ల సంగతి అది. నేను బాగలేదంటే నన్ను పనికి పోనిస్తావా నువ్వు? పుస్తకాలు ఆడ పెట్టేసి, నా బదులు వ్యాను ఎక్కుండవా?"