గొలుసు కత్తెర

పదిమంది చూస్తుండగా మా పిన్ని చేతిలోంచి కత్తెర లాక్కున్నాడు షాపాయన. గుడ్డ సగం తెగి ఉంది. ఆమె చేసిందల్లా కత్తెరను కదల్చకుండా గుడ్డను తిప్పడం.

పిన్ని జైల్లో ఉండి వచ్చిన మనిషి. తాగి ఇంటి మీదికొచ్చిన తన బావగారిని, అంటే చిన్నాన్న వాళ్ల అన్నను, తోసింది. మెట్ల మీద నుంచి పడి ఆయన పోయాడు. తోయలేదని ఆమె కోర్టులో కూడా అనలేదు. శిక్ష పడ్డాక చిన్నాన్న ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఇక ఎదురుచూడ్డానికి ఎవరూ లేక, ఆమె లోపల చదువు మీద పడింది. దూరవిద్యలో బి.ఏ. పాసైంది. కుట్టుపని కోర్సులో అందరికంటే ముందు నిలిచింది. పట్టా ఇచ్చిన రోజు ఎవరో పెద్దమనిషి వచ్చి, చదువు సంకెళ్లను తెంచుతుందని గంటసేపు మాట్లాడి, ఫొటోలు దిగి వెళ్లాడట. కుట్టు గదిలో కత్తెరకున్న గొలుసును మాత్రం ఎవరూ తెంచలేదు.

ఆ గొలుసు సంగతి చెప్పాలి. ఖైదీల చేతికి కత్తెర వదలరు. బల్లకు ఒక కొక్కెం, దానికి జానెడు గొలుసు, ఆ గొలుసు చివర కత్తెర. అది ఎటూ పోలేదు కాబట్టి గుడ్డే దాని దగ్గరికి రావాలి. కుడిచేయి ఉన్నచోటే కత్తిరిస్తుంటుంది, ఎడమచేయి గుడ్డను తిప్పుతుంటుంది. మెడ గుండ్రమైనా, చంక వంపైనా అంతే. అక్కడ నేర్చుకున్నవాళ్లందరి చేతులూ అలాగే అలవాటు పడతాయి. ఒక్క గుడ్డయితే తేడా తెలియదు. పొరలు పొరలుగా పరిచి ఒకేసారి కోసేటప్పుడే తెలుస్తుంది.

విడుదలయ్యాక, నేను ఇస్త్రీ చేసే షాపులోనే పిన్నిని మిషను మీద చేర్పించాను. అది బడి యూనిఫారాలు కుట్టే షాపు. జైలు మాట ఎత్తలేదు. ఎత్తితే షాపాయన గుమ్మం దగ్గరే నమస్కారం పెట్టేవాడు. పిన్ని మనసు మాత్రం మిషను మీద లేదు, కటింగ్ బల్ల మీద ఉంది. మిషను తొక్కేవాళ్లను "ఏమ్మా, ఇటు రా" అంటారు. బల్ల దగ్గర నిలబడేవాడిని "మాస్టారూ" అంటారు.

"ఇంత చదువూ చదివి, ఇంకొకడు కోసిచ్చిన ముక్కలు అతికిస్తూ చావమంటావురా?" అనేది ఇంటికి నడిచేటప్పుడు.

కటింగ్ మాస్టారు నెమ్మదస్తుడు. కత్తెర పట్టుకుని బల్ల చుట్టూ పిల్లిలా తిరిగేవాడు. బడులు తెరిచే రోజులు దగ్గరపడి, పని నెత్తి మీదికొచ్చి, రెండో మనిషి అవసరమయ్యాడు. పిన్ని అడిగింది. సరే, ఒక కోత చూద్దామన్నాడు షాపాయన.

బల్ల మీద చొక్కాల గుడ్డ పొరలుగా పరిచి ఉంది. తిన్నగా ఉన్నంత దూరం కత్తెర బాగానే సాగింది. చంక వంపు దగ్గరికి రాగానే ఆమె చేయి ఆగింది, గుడ్డ తిరిగింది. కింది పొరలు జారిపోయాయి.

"అదేంటమ్మా, గుడ్డను తిరగలిలా తిప్పుతున్నావు? కత్తెరకు కాళ్లు పడిపోయాయా?" అన్నాడు షాపాయన.

అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వాడు. "కాళ్లకేం కాలేదండీ, గొలుసుంది. ఈవిడ అత్తారింట్లో నేర్చుకొచ్చినట్టుంది."

"ఏ అత్తారిల్లు?"

"అదేనండీ, చువ్వల కిటికీలుంటాయే."

షాపాయన ముఖం మాడిపోయింది. "నిజమా?" అన్నాడు. పిన్ని అవునంది. అప్పుడే కత్తెర లాక్కున్నాడు.

ఆమె జారిన పొరలన్నీ సరిచేసి, చెప్పులేసుకుని బయటికి నడిచింది. ఆ కాస్త సేపట్లోనే మిషన్ల దగ్గరివాళ్లు తమ సంచులు తడుముకున్నారు. నేను వెనకే పరుగెత్తాను. వీధి మలుపులో ఆగింది.

"వాడూ లోపలుండి వచ్చినవాడేరా."

"ఎవరు?"

"మీ మాస్టారు. గొలుసు సంగతి మాకు పట్టాలిచ్చిన పెద్దమనిషికే తెలీదు, బయట బట్టలు కోసుకునేవాడికెలా తెలుస్తుంది? మగవాళ్ల జైల్లోనూ అదే బల్ల, అదే కొక్కెం."

నా ఒళ్లు మండింది. వెనక్కి వెళ్లి వాడి బండారం బయటపెడతానన్నాను. పిన్ని నా రెక్క పట్టుకుంది.

"నోరు మూసుకుని ఇస్త్రీ చేసుకో. నీ పనీ ఊడగొట్టుకుంటావా?"

ఆమెను పట్టిస్తే తన మీదికి ఎవరి చూపూ రాదనుకున్నాడేమో వాడు. పుస్తకాల్లో దెబ్బతిన్నవాళ్లు ఒకరికొకరు చేయందిస్తారు. ఆ పుస్తకాలు రాసినవాళ్లు ఏ షాపులో పనిచేశారో నాకు తెలియదు.

ఇప్పుడు పిన్ని ఒక ఇరుకు గదిలో చిరుగులు కుట్టి, జిప్పులు మార్చి బతుకుతోంది. చిరుగులకు డిగ్రీ అక్కర్లేదు. ఆ మాస్టారు ఆ బల్ల దగ్గరే ఉన్నాడు. నెల కిందట చివరిసారి పిన్ని దగ్గరికి వెళ్లినప్పుడు, "ఇప్పటికైనా వాడి సంగతి చెప్పేయనా?" అని అడిగాను.

"చెబితే ఏమవుతుంది? వాడిని గెంటేసి నన్ను పిలుస్తాడా మీ షాపాయన?" అంది. సూదిలో దారం ఎక్కించింది. "వాడి చేయి చూశావా, బల్ల చుట్టూ ఎంత తేలిగ్గా తిరుగుతుందో? నేనూ తలుపేసుకుని పాత దుప్పట్ల మీద రోజూ కోస్తున్నా. వంపు రాగానే ఆగిపోతోంది నా చేయి. వాడు నన్ను పట్టించినందుక్కాదురా నాకు మంట, వాడికి వచ్చింది నాకు రానందుకు."