బోర్డు పెట్టినాయన పైకొచ్చేదాకా

‘నెట్టు పోయింది’ అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏం పోయిందో చెప్పరు. గోదావరిఖని చుట్టుపక్కల గని ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేయడం నా పని. ప్రింటరులో కాగితాలు అయిపోయినా ఇక్కడ పోయేది నెట్టే. ఆ రోజు ఫోన్ చేసిన అక్క మాత్రం, “తమ్మీ, జల్ది రా. ఇయ్యాల క్వార్టర్‌కు పెట్టుకోవాలె, ఏదీ తెరుస్తలేదు” అంది. ఆ గొంతు విని నసగకుండా బండి తీశాను.

ఆమె ఒక గని ఆఫీసులో క్లర్కు. గనిలో భర్త నడుము విరిగి, ఇక పనిచేయలేడని తేలాక ఆ ఉద్యోగం ఆమెకు వచ్చింది. వాళ్లుండేది కంపెనీ క్వార్టర్లో, రెండో అంతస్తులో. ఆయన్ని దవాఖానకు తీసుకుపోవాలంటే పక్కింటివాళ్లు కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపాలి. వాళ్లను అడగడానికి మొహమాటపడి, నొప్పి ఉన్నా లేదనేవాడట. ఆ పొద్దున కింది అంతస్తు క్వార్టర్ ఒకటి ఖాళీ అయిందని కంపెనీ సైటులో పెట్టారు. సాయంత్రం ఆఫీసు మూసేలోపు దరఖాస్తు చేయాలి. అదీ ఆమె ఆఫీసు కంప్యూటర్ల మీదే, సెల్‌ఫోన్లో ఆ సైటు తెరుచుకోదు.

కూర్చుని చూశాను. కేబుల్ బాగానే ఉంది. నంబరు కొడితే అవతలి కంప్యూటరు పలుకుతోంది, పేరు కొడితే పలకడం లేదు. మా కాలనీల్లో మనిషి పేరు చెబితే ఇల్లు దొరకదు, క్వార్టర్ నంబరు చెప్పాలి. కంప్యూటర్ల సంగతీ అంతే. పేరు అడిగితే నంబరు చూసి చెప్పే పెట్టె ఒకటి ఉంటుంది, దాన్నే డీఎన్ఎస్ సర్వర్ అంటాం. ఆ పెట్టె నోరు మూసుకుని కూర్చుంది.

నంబరుతోనే సైటు తెరవబోయాను. మొదటి పేజీ వచ్చింది కానీ, లోపలికి పోదామని నొక్కగానే మళ్లీ పేరు దగ్గరే ఆగిపోయింది. ఆమె కంప్యూటర్లో వేరే డీఎన్ఎస్ నంబరు పెడదామంటే పాస్‌వర్డు నా దగ్గర లేదు. అది తెలిసినాయన ప్రయాణంలో ఉన్నాడు, ఫోన్ కలవలేదు. ఇక ఆ పెట్టె ఉన్న గదికే పోయాం.

స్విచ్ ఆపేసి ఉంది. దాని మీద ఎర్ర బోర్డు: ‘పని జరుగుతోంది, స్విచ్ వేయరాదు’. కింద ఎలక్ట్రీషియన్ సంతకం, మేమంతా కాక అని పిలిచే పెద్దాయనది. పొద్దున వైరు మార్చడానికి పెట్టాడు. తర్వాత పంపు చెడిందని పిలిస్తే గనిలోకి దిగాడు. గనిలోకి సెల్‌ఫోన్ తీసుకుపోనివ్వరు. కబురు పంపించాను కానీ, ఆయన ఎక్కడో లోపల ఉన్నాడన్నారు. మా దగ్గర బోర్డు పెట్టినవాడే బోర్డు తీయాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా ముట్టడు.

“తీసేస్త అక్కా. కవర్ బిగించే ఉన్నది, పనైపోయినట్టే” అన్నాను.

ఆమె నాకూ స్విచ్‌కూ మధ్య వచ్చి నిలబడింది. “గట్ల అనుకునే ఆ రోజు ఎవరో బోర్డు తీసి స్విచ్ ఏసిన్రు తమ్మీ. అప్పటికి మా ఆయన ఇంకా బొగ్గు మోసే బెల్టు మీదనే ఉన్నడు.”

నా చెయ్యి వెనక్కి వచ్చింది. ఇద్దరం బయటికొచ్చి కూర్చున్నాం. ఆమె గడియారం వైపు చూడడం మానేసింది, నేనే చూస్తూ కూర్చున్నాను. అంత దిగులుగా ఎప్పుడూ కూర్చోలేదు.

కాక షిఫ్టు అయి పైకొచ్చేసరికి ఆఫీసు మూసేస్తున్నారు. “అరే, పని పొద్దుగాలనే అయిపోయింది గదా! పంపు కాడికి పిలిస్తే ఉరికిన, బోర్డు తీసుడు యాది మరిచిన” అన్నాడు. బోర్డు తీసి స్విచ్ వేశాడు. పేర్లన్నీ టకటకా పలికాయి. సైటు తెరుచుకుని, గడువు ముగిసిందని చెప్పింది.

నేను కాక మీద విరుచుకుపడ్డాను. వయసు కూడా చూడకుండా నోటికొచ్చింది అన్నాను. అక్కే ఆపింది. “ఆయనను ఏమనకు తమ్మీ, ఇంటికి పో” అంది. ఆ స్విచ్ వేసి ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు కదా అని నాకు నేనే ఎంత చెప్పుకున్నా బాధ తగ్గదు.

తర్వాత ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. అక్క భర్త కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. జరిగిందంతా ఆమె ముందే చెప్పేసింది.

“బోర్డు తియ్యకుండ మంచి పని చేసిన్రు” అన్నాడు. నాకు చాయ్ ఇమ్మని ఆమెను వంటింట్లోకి పంపాడు. ఆమె అటు వెళ్లాక మెల్లగా అడిగాడు. “ఆ కింది ఇంటి ముంగట కుర్చీ ఏసుకునేంత జాగ ఉన్నదా తమ్మీ?”

వస్తూ వస్తూ ఆ ఇల్లు చూసే వచ్చాను. ముందు నీడ పడే జాగా చాలా ఉంది. కొత్తగా దిగినవాళ్లు అక్కడ స్కూటరు పెట్టుకున్నారు.

“లేదన్నా, ఇరుకు” అన్నాను.