మూడో వరస ఎలుకలు

నల్లమ్మ కుదురుగా ఒకచోట కూర్చోగా చూసినవాళ్లు తక్కువ. కణేకల్ దగ్గర గొర్రెల మంద వెంట పుట్టి పెరిగిన మనిషి. కాళ్లు ఆగితే గొర్రెలు ఎవరి చేలో పడతాయో అన్న భయం, గొర్రెలన్నీ అమ్ముకున్నాక కూడా ఆమెను వదల్లేదు. రాయదుర్గం రోడ్డు పక్కనున్న ఫార్మసీ కాలేజీలో ఊడ్చే పనికి చేరినప్పుడు, ఒక్క పూటలో రెండుసార్లు ఊడ్చి, ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చేది. "నల్లమ్మక్కా, నేల అరిగిపోతుంది" అని పిల్లలు నవ్వేవాళ్లు.

ఒకరోజు కాలేజీ వెనక కొళాయి దగ్గర ఒక అమ్మాయి వంగి ఆకు కోస్తోంది. ధర్మవరంలో మగ్గాల ఇంటి పిల్ల, పేరు చంద్రిక. పరిశోధన చేస్తోంది.

"గడ్డి చామంతి దేనికి పాపా? చెయ్యి తెగిందా?"

"లేదక్కా. సుగర్ ఉన్నవాళ్లకు పుండు పడితే మానదు కదా. ఈ ఆకుతో మానుతుందో లేదో చూస్తాండాం."

నల్లమ్మ చీపురు పక్కన పెట్టేసింది.

ఆ సీమలో గడ్డి చామంతి తెలియనివాళ్లు లేరు. కొడవలి తగిలినా, రాయి కొట్టుకున్నా అరచేతిలో నలిపి రసం పిండుతారు. నల్లమ్మ తన మొగుడు చౌడప్ప కాలికీ అదే ఆకు కట్టింది. సుగర్ ముదిరిన కాలు, మొద్దుబారిపోయింది. పాదంలో తుమ్మముల్లు విరిగిన సంగతి వాసన వచ్చేదాకా అతనికే తెలియలేదు. నల్లమ్మ ఆకు కట్టింది. పై పుండు ఎండినట్టే కనిపించి, చీలమండ వాచింది. చౌడప్ప తమ్ముడు ఎర్రిస్వామి టౌనుకు తీసుకుపోయాడు. మోకాలి కింద తీసేశారు. అయినా మనిషి దక్కలేదు.

శవం వాకిట్లో ఉండగానే ఎర్రిస్వామి అన్నాడు: "ఆకులు కట్టి కట్టి మా అన్న కాలు కుళ్లబెట్టినావు వదినా."

నల్లమ్మ ఊరుకునే రకం కాదు. "కాలు కోయించి సంపుకొచ్చినోడివి నువ్వు. నన్నంటావా?"

పక్కపక్క ఇళ్లే. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. కానీ ఆ మాట మాత్రం ఆమె లోపల ముల్లులా తిరుగుతూనే ఉంది. పిడికెడు సంగటి నోట్లో పెట్టుకున్నా అదే, బస్సులో నిలబడినా అదే. ఆకు మేలు చేసిందా, కీడు చేసిందా? తన చెయ్యి మొగుణ్ణి కాచిందా, చంపిందా?

ఇప్పుడు ఆ సంగతి చెప్పేవాళ్లు ఒకరున్నారు. ఊడ్చే పని వదిలి, చంద్రిక ఆ ఆకును పరీక్షించే ఎలుకల గదిలో పని ఇప్పించమని అడిగి మరీ చేరింది.

తెల్ల ఎలుకలు. సూది వేసి వాటికి సుగర్ తెప్పిస్తారు. మత్తిచ్చి, వీపు మీద బొచ్చు గొరిగి చిన్న గాయం చేస్తారు. మొదటి వరస పంజరాలకు ఆకు మందు, రెండో వరసకు అంగడి మందు. చంద్రిక మూడో వరస దగ్గరకు వచ్చి "వీటికి ఉత్త పూత" అంది.

"ఉత్తదంటే?"

"మందు లేనిదక్కా. పైకి అదే మాదిరి ఉంటుంది, లోపల ఏమీ ఉండదు."

"ఏమీ లేనిది యాలా పూసేది?"

"చూసేదానికి."

నల్లమ్మకు అది మింగుడు పడలేదు. ఎలుకను పట్టుకుంటే అరచేతిలో దాని గుండె టకటకమంటోంది. మూడో వరసలోవి కూడా అంతే వెచ్చగా ఉన్నాయి, అంతే భయపడుతున్నాయి. మందలో రోగం దూరితే వాళ్ల నాయన మందు చాలకపోయినా నీళ్లు కలిపి అన్నిటికీ తాపేవాడు. "సగానికి పోసి సగానికి ఎగ్గొట్టినోని మంద నిలబడదు" అనేవాడు. పైగా మొగుని పుండు కళ్లముందే ఉన్న మనిషి. చంద్రిక బస్సుకు పోయాక, కొళాయి దగ్గరి ఆకు నాలుగు రెమ్మలు తుంచుకొచ్చి, నలిపి, మూడో వరస వీపులన్నిటి మీదా పిండింది. మరునాడూ పిండింది. ఆ తర్వాత అది మేత వేయడం లాంటి పనే అయిపోయింది.

గాయాలు మానసాగాయి. మొదటి వరసా మానుతోంది, మూడో వరసా మానుతోంది. చంద్రిక ముఖం మాత్రం పీక్కుపోయింది. సుగర్ సరిగా రాలేదేమో అని మళ్లీ రక్తం తీసి చూసింది. పూతలో ఏదైనా కలిసిందేమో అని డబ్బాలన్నీ పారేసి కొత్తవి కలిపింది. ఆమెకు గైడుగా ఉన్న ఆనంద్ సారు వచ్చి చూసి, "ఉత్త పూతకే ఇంత బాగా మానిపోతుంటే మీ ఆకెందుకమ్మా?" అని వెళ్లిపోయాడు. ఆ పూట చంద్రిక తెచ్చుకున్న టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు.

అదయ్యాక ఒక మధ్యాహ్నం మూడో వరస ఎలుకను చేతిలోకి తీసుకుని చంద్రిక ఆగిపోయింది. గాయం అంచున తెల్ల బొచ్చు మీద పచ్చ మరక. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అక్కా, ఇదేంది?"

"గడ్డి చామంతి. నేనే పిండినా."

"నువ్వా?"

"నేనే. ఏం? నువ్వు ఇడిసిపెడితివి, నేను పిండితి. నోరులేని జీవాలు గదా."

చంద్రిక ఎలుకను పంజరంలో పెట్టి, స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది. నల్లమ్మ బిత్తరపోయింది. మేలు చేసినందుకు ఏడ్చేవాళ్లను ఆమె చూడలేదు.

"యాలా పాపా ఏడుస్తావు? బాగైనాయి గదా!"

"బాగైనాయి. దేనితో బాగైనాయి, చెప్పు? అన్నిటికీ ఆకే పూస్తే, ఆకు లేకుంటే ఏమయ్యేదో యెట్ల తెలిసేది? వాటంతటవే మానేవేమో! ఇంకా తొందరగా మానేవేమో! నాకేం తెలుసు, నీకేం తెలుసు? అంతా పోయిందక్కా. మళ్లీ మొదటినుంచి."

నల్లమ్మకు చౌడప్ప కాలు గుర్తొచ్చింది. చౌడప్పకు ఉండింది ఒకే పుండు. దానికే తాను ఆకు కట్టింది, పూజారి విభూతి పెట్టాడు, ఆర్‌ఎంపీ సూది వేశాడు, టౌనులో కోశారు. ఏది ఏం చేసిందో ఎవరు చెప్పాలి? తనకు జవాబు చెప్పగలిగింది ఈ మూడో వరస ఒక్కటే. దాని నోరు తన చేత్తోనే నొక్కేసింది.

జరిగింది చంద్రిక ఆనంద్ సారుకు దాచకుండా చెప్పింది. ఆయన నల్లమ్మను ఆ గదిలోంచి తీసేయమన్నాడు. "నా చేతిలో అయితే కరుస్తాయి సార్, ఆమె చేతిలో నిద్రపోతాయి. ఉండనీండి" అని చంద్రికే అడ్డుపడింది. అనుమతులు వచ్చి, కొత్త ఎలుకలు వచ్చేసరికి ఒక వేరుశనగ పంట విత్తడమూ అయింది, వాన లేక ఎండడమూ అయింది.

ఈసారి నల్లమ్మ మాట ఇచ్చింది. మేత, నీళ్లు, అంతే. కానీ ఇచ్చిన మాట నోటిది, చేతులు వేరే. మూడో వరస ముందు నిలబడితే వేళ్లు వాటంతటవే నలుపుతున్నట్టు ఆడేవి. చూసి చూసి, బయటికి పోయి కొళాయి చుట్టూ, చంద్రిక మందుకు కోసుకోగా మిగిలిన గడ్డి చామంతినంతా వేర్లతో సహా పెరికి ప్రహరీ అవతల పారేసింది. కొళాయి నీళ్లు పారేచోటు, కలుపుకు ఏం తక్కువ? మళ్లీ మొలిచింది. మళ్లీ పెరికింది. వాచ్‌మన్ నవ్వాడు: "ఏమక్కా, ఈడ చెనిక్కాయ ఏస్తావా?" ఆమె ఇంకో మొక్క పెరికింది. చేతులకు పని పెట్టకపోతే అవి ఏం చేస్తాయో ఆమెకే తెలియదు.

మూడో వరసలో ఒకటి ముడుచుకుని మేత ముట్టడం మానేసింది. గాయం చుట్టూ ఉబ్బింది, చీము పట్టింది. ఆ వాసన నల్లమ్మకు తెలిసిన వాసనే.

"పాపా, దీనొక్కదానికి పూస్తా. ఒక్కదానికి."

"వద్దక్కా."

"సస్తుంది."

చంద్రిక దాన్ని చూసి, సారుకు ఫోన్ చేసి వచ్చింది. "ఇంత బాధపడేదాన్ని ఉంచకూడదక్కా. సూది వేసి నిద్రపుచ్చాల. అది రూలు."

"పూసేదానికి రూలు లేదు, సంపేదానికి ఉండాదా?" అంది నల్లమ్మ. అని, పంజరం తానే తెరిచింది. సూది వేసేటప్పుడు దాన్ని తన అరచేతిలోనే పట్టుకుంది. టకటకమనే గుండె ఆగాక కూడా కాసేపు దాన్ని కింద పెట్టలేదు.

చివరికి లెక్కలు తేలాయి. చంద్రిక ఆమెకే ముందు చెప్పింది. ఆకు పూసినవి ఉత్త పూతవాటికంటే ముందే మానాయి. అంగడి మందంత తొందరగా కాదు.

"అయితే ఆకు మంచిదే?"

"పైపై గాయానికి మంచిదేనక్కా. ఎలుకల్లో."

"లోపలికి దిగిన చీముకు?"

చంద్రిక ఆమె ముఖం చూసింది. చౌడప్ప సంగతి ఆ పిల్లకు అప్పటికి తెలుసు. అబద్ధం చెప్పి ఉంటే నల్లమ్మ నమ్మేది. "దానికి చూడలేదు. అన్న కాలు సంగతి ఈ ఎలుకలు చెప్పలేవక్కా" అంది.

సాయంత్రం నల్లమ్మ బస్సు దిగి, తన ఇల్లు దాటి, ఎర్రిస్వామి వాకిట్లోకి పోయింది. రాయదుర్గంలో జీన్సు ఉతికే పని అతనిది. నీలం పట్టిన చేతులు తొట్టి దగ్గర రుద్దుకుంటున్నాడు. ఆమెను చూసి రుద్దడం ఆపాడు.

"ఏమి వదినా, దోవ తప్పినావా?"

"ఎలకలు ఏం చెప్పినాయో చెప్పేదానికి వచ్చినా."

"ఎలకలా?"

చెప్పింది. పై గాయానికి ఆకు పనిచేస్తుందని, లోపలి చీము సంగతి తెలియదని, మనిషి కాలి సంగతి అసలే తెలియదని. ఒక్క మాటా తనవైపు వంచలేదు.

"అంటే నేనన్నదే నిజం" అన్నాడు ఎర్రిస్వామి.

"కాదు. నేనన్నదీ కాదు. ముందే ఆస్పత్రికి పోయింటే బతుకుతాండె అని నువ్వు చెప్పలేవు. కోయకుంటే బతుకుతాండె అని నేను చెప్పలేను. మనకు మూడో వరస లేదబ్బీ."

అతనికి మూడో వరస ఏమిటో అర్థమయ్యేదాకా అదీ చెప్పింది, పచ్చ మరకతో సహా. అతను మొదట నవ్వాడు. తర్వాత చేతులు కడుక్కోవడం మర్చిపోయి అలాగే తొట్టి అంచు మీద కూర్చున్నాడు.

"కాలు కోసేదానికి ముందు సంతకం నాది గదా వదినా" అన్నాడు. ఇన్నాళ్లలో ఆ సంతకం మాట అతని నోట రావడం అదే మొదలు. నల్లమ్మ అటూ ఇటూ నడిచింది, దండెం మీది తువ్వాలు తీసి అతనికి అందించింది.

"మల్లా చేస్తారా?" అనడిగాడు.

"లోపలికి దిగిన పుండుకు చూడాలంట. అనుమతి కావాలంట."

"చేసినప్పుడు వచ్చి చెప్పు. ఏమున్నా సరే, చెప్పు."

"చెప్తా" అంది నల్లమ్మ. అప్పటికే ఆమె గేటు దాటుతోంది.