చింతపండుతో తోమిన లారీ

మా ఆయన నడిపిన లారీ తుక్కు కింద పోయిన ఏడాదే మా ఇంట్లో చిన్న లారీ ఒకటి పుట్టింది. అప్పటికే నడుము చెడి, ఆయన స్టీరింగు వదిలేసి వసారాలో మంచానికి అంటుకుపోయాడు. చిలకలూరిపేట మిల్లులకు పత్తి, గుంటూరు యార్డుకు మిరపకాయల టిక్కీ బస్తాలు మోసిన బండి అది. దాన్ని ముక్కలుగా కోసేశారని విన్నాడు. కొన్నాళ్లకు నన్ను నూనె డబ్బా రేకు తెమ్మన్నాడు.

జానెడు లారీ. రేకు కత్తిరించి అతికించడం త్వరగానే అయింది. ప్రాణం తీసింది దాన్ని పాతబండిలా కనబడేట్టు చెయ్యడమే.

"కొత్త బండి ఎవడిక్కావాలే? నా బండి కావాలి. ఒక్కో గీతా మర్చిపోతున్నా. అంతా పోకముందే ఈ రేకు మీదికి ఎక్కించెయ్యాలి," అనేవాడు.

ముందు వెండి రంగు. అది ఆరాక, రేకు కనబడాల్సిన చోటల్లా తడిచేసి కల్లుప్పు అద్దేవాడు. దాని మీద పచ్చ రంగు. అదీ ఆరాక బొటనవేలితో ఉప్పు రాలగొడితే, పెచ్చులూడినట్టు వెండి బయటపడేది. అంచులకు పెన్సిలు ములుకు పొడి రుద్దితే మోకులు ఒరుసుకుని నున్నబడ్డ ఇనుమే. తుప్పుకు ఇటుక పొడి, కిరసనాయిలు. తుప్పు ఇష్టమొచ్చిన చోట పట్టదట, నీళ్లు నిలిచే చోటే పడుతుందట. గుర్తు చేసుకుంటూ ఒక్కో మూలా అద్దేవాడు. నడుము పట్టేస్తే వెల్లకిలా పడుకునేవాడు. నేను చేలోంచి వచ్చి, ఆయన నడుముకు నూనె రాసి, పొయ్యి దగ్గరికి పోయేదాన్ని.

లారీ పూర్తయింది. దసరా వచ్చింది. ఆయుధ పూజకని మా అత్తగారు కొడవళ్లు, పారలు బావి దగ్గర వేసుకుని తోముతూ లారీని కూడా తోమేసింది. కొడుకు బండి నడిపినన్నాళ్లూ పండక్కి కడిగి బొట్టు పెట్టింది ఆవిడే మరి. చింతపండు, బూడిద, కొబ్బరి పీచు. నేను వచ్చేసరికి దేవుడి గూటి ముందు తెల్లటి రేకు మెరుస్తోంది, చక్రాల ముందు నిమ్మకాయలతో.

"చూడరా అబ్బాయ్, ఎంత మకిలి పట్టిందో. చేతులు పడిపోయినయ్ నాకు."

"మకిలి కాదమ్మా అది."

"మరేందిరా?"

ఆయన మంచం మీంచి మెడ చాచి దాన్ని చూశాడు. "ఏం లేదులే. బాగుంది."

"బాగుండక? తుప్పుబండికి పూజ చేస్తే అమ్మవారు నవ్వదూ?"

పండగ వెళ్లాక ఆ రేకుకు నిజం తుప్పే పట్టసాగింది. డబ్బా రేకుకుండే తగరపు పూతను చింతపులుసు తినేసింది.

"అసలు తుప్పే వచ్చిందిగా, ఇంకేం కావాలి మీకు?" అన్నాను, నవ్వుతాడేమోనని.

"ఇది డబ్బా తుప్పు. నా బండిది కాదు," అని గోడవైపు తిరిగాడు. ఇక దాన్ని ముట్టుకోలేదు. ఒకసారి ఎక్కించేసినవి మళ్లీ గుర్తుకు రావట్లేదన్నాడు.

మిరప కోతలు మొదలయ్యేసరికి నాకూ ఓపిక అడుగంటింది. అయినా ఒక మధ్యాహ్నం గరుకు కాగితంతో ఆ తుప్పు గీకేశాను. వెండి రంగు పూసి, ఆరాక ఎడమ తలుపు అంచున ఉప్పు అద్దుతున్నాను.

"అక్కడేం లేదే," అన్నాడు మంచం మీంచి.

"ఉంది. కుడిపక్క కూర్చునే మీకేం తెలుస్తుంది? పెళ్లైన కొత్తలో అద్దంకి దాకా ఎక్కించుకుపోయారు గదా. గుంట వచ్చినప్పుడల్లా నేను పట్టుకుంది అక్కడే. అరచెయ్యంత మేర రంగు లేదు. ఎండకి చెయ్యి కాలింది కూడా."

ఆయన మోచేతుల మీద లేచాడు. "అవును. క్లీనరు మోచెయ్యి ఆనించేవాడు. ఇంకాస్త కిందికి పెట్టు. అబ్బా, అంతుప్పేందే, కూరనుకున్నావా?"

పచ్చ రంగు ఆయనే పూశాడు. ఎండలో పెట్టి, అది ఆరేలోపే ఇద్దరం నిద్రపోయాం. లేచేసరికి అత్తగారు పక్కనే పీట వేసుకుని, లారీ మీదికి రాబోయిన కోళ్లను అదిలిస్తోంది.

"ఉప్పు నువ్వే రాలగొట్టు," అన్నాడాయన.

కాయలు కోసి పగిలిన వేలికి ఉప్పు తగిలి చురుక్కుమంది. పచ్చ రంగు కిందినుంచి గోరంత వెండి బయటపడింది, నేను పట్టుకున్న చోట.